‘ఆకు పసరుకి సైడ్ ఎఫెక్ట్ ఉండదు’ అనే మెసేజ్‌కి జవాబు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఈ మెసేజ్ రావడం ఇది మూడోసారి. "కనీసం పది మందికి పంపండి" అన్న ఆజ్ఞ తీసేస్తే అందులో ఉన్నవి నాలుగు మాటలు. మూలికలు ప్రకృతి సహజం కాబట్టి కిడ్నీకి హాని చేయవు. మన పెద్దలు వేల ఏళ్లు వాడారు. ఫలానా చూర్ణం 40 రోజులు తాగితే క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) దిగుతుంది. కిడ్నీలు పాడయ్యేది ఇంగ్లిషు మందుల వల్లే. పంపింది మా పెద్దనాన్న. గ్రూపులో అందరి ముందూ ఆయన్ని కాదనలేక ఇక్కడ రాస్తున్నాను.

"ప్రకృతి సహజం, హాని లేదు."

ఉమ్మెత్తకాయ కూడా ప్రకృతి సహజమే. సరే, అది వెటకారం అనుకుంటారేమో, జరిగిన సంగతే చెప్తాను. 1990ల మొదట్లో బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో సన్నబడటానికి ఒక క్లినిక్‌కి వెళ్లిన ఆడవాళ్లకి వరసగా కిడ్నీలు పోవడం మొదలైంది. బీపీ, షుగర్ లాంటి మామూలు కారణాలేవీ కనబడలేదు. ఆరా తీస్తే, వాళ్లు వేసుకున్న గుళికల్లో కొత్తగా చైనా మూలికల పొడి కలిపారని తేలింది. కలపాల్సింది 'హాన్ ఫాంగ్‌జీ' వేరు. పేరు దగ్గరగా ఉండటంతో 'గ్వాంగ్ ఫాంగ్‌జీ' అనే వేరొకటి వచ్చి పడింది. అందులో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీలోని సన్నటి గొట్టాల్ని ఎండగొట్టేసి మచ్చకట్టిస్తుంది. బాధితులు వంద దాటారు. కథ అక్కడితో ఆగలేదు. పాడైన కిడ్నీల్నీ మూత్రనాళాల్నీ ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిలో 18 మందికి అప్పటికే క్యాన్సర్ ఉన్నట్టు 2000లో బయటపడింది. మందు మానేసి ఏళ్లు గడిచాక!

మన దగ్గర పాముకాటుకి వాడే ఈశ్వరి వేరు, గాడిదగడపర కూడా ఆ గ్వాంగ్ ఫాంగ్‌జీ కుటుంబానివే.

"వేల ఏళ్లుగా వాడారు, ఏమీ కాలేదు."

ఏమీ కాలేదో, అయినా ఎవరికీ తెలియలేదో? కిడ్నీ పని దాదాపు సగం తగ్గేదాకా క్రియాటినిన్ అంకె పెద్దగా కదలదు. నొప్పీ ఉండదు. కాళ్లవాపులు, ఆయాసం మొదలయ్యేసరికి, ఎప్పుడో తాగిన కషాయం ఎవరికి గుర్తుంటుంది? యూరప్‌లోని డాన్యూబ్ నది ఒడ్డు పల్లెల్లో తరాలుగా కిడ్నీ జబ్బు ఉండేది. డాక్టర్లు దాన్ని 1950లలో గుర్తించారు. గోధుమ చేలల్లో కలుపుగా పెరిగి, పిండిలో కలిసిపోతున్న, అరిస్టలోకిక్ ఆమ్లం ఉండే అదే జాతి మొక్క గింజలే కారణమని గట్టి ఆధారాలు దొరికింది 2007లో. రోజూ రొట్టె తింటున్నవాళ్లకే అన్నేళ్లు తెలియలేదు.

కొన్ని సంప్రదాయ మందుల్లో ఉండే పాదరసం సంగతి మరొకటి. అలాంటి మందులు వాడాక కిడ్నీ దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతున్న రోగుల గురించి మన దేశ వైద్యులు 2022లో ప్రచురించారు. వాళ్లలో చాలామందికి మందు ఆపాక తగ్గింది. కాబట్టి ఆపడం కూడా వైద్యమే. ఇలా అన్నానని ఆయుర్వేదం మొత్తాన్నీ తిడుతున్నాననుకోవద్దు. శుద్ధి చెయ్యని పాదరసం విషమని ఆ శాస్త్రమే చెబుతుంది. లేబుల్ లేని డబ్బాలో వచ్చిన పొడిని ఎవరు శుద్ధి చేశారో మా పెద్దనాన్నకి తెలుసా?

"40 రోజుల్లో క్రియాటినిన్ దిగుతుంది."

దిగొచ్చు. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. మాంసం మానేసి, కండ కరిగి, మనిషి చిక్కితే అంకె తగ్గుతుంది, కిడ్నీ బాగుపడకపోయినా. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి పెరిగిన క్రియాటినిన్ నీళ్లు పడితే సాధారణంగా దానంతట అదే దిగుతుంది, పేరు మాత్రం చూర్ణానికి వస్తుంది. దీనికి తోడు 'కిడ్నీ కడిగే' కొత్తిమీర నీళ్లు, కొబ్బరినీళ్లు. ఆరోగ్యవంతుడికి ఇబ్బంది లేదు. కిడ్నీలు దెబ్బతిన్నవాడికి వాటిలోని పొటాషియం బయటికి పోక, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రాళ్లు రాకుండా పల్లేరు కషాయం తాగి కిడ్నీలే దెబ్బతిన్న ఒక ఇరాన్ యువకుడి కేసు వైద్య పత్రికల్లో ఉంది. అన్నట్టు, కిడ్నీలో రాళ్లు నయం చేస్తామని మందుకి ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరం.

"ఇంగ్లిషు మందులే కిడ్నీని పాడుచేస్తాయి."

ఇందులో సగం నిజం ఉంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు డాక్టర్‌ని అడక్కుండా నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. మోకాళ్ల నొప్పులకి మా పెద్దనాన్న ఇంగ్లిషు మాత్రలు మానేసి మూలికల మాత్రల్లోకి దిగింది ఈ భయంతోనే. అమెరికాలో 'ఆర్ట్రి కింగ్' అనే కీళ్లనొప్పుల సప్లిమెంట్ అమ్మేవారు. మూలికలూ విటమిన్లూ అని పైన రాసి ఉండేది. 2022లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్ష చేయిస్తే లోపల దొరికినవి రెండు: డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఇంకోటి అదే డైక్లోఫెనాక్.