రంగం కబురు, సర్కారు మాట

1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. చనిపోయినవాళ్ల సంఖ్య చిన్నదే. రేవుకు జరిగిన నష్టమూ పెద్దది కాదు. అయినా జనం పెట్టే బేడా సర్దుకుని, పిల్లాజెల్లాతో లోపలి ఊళ్లలోని చుట్టాల ఇళ్లకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా వాల్తేరు వదిలి గుంటూరుకు చేరింది.

ఈ సంగతి చెప్పేటప్పుడు "భయాందోళనలు" అనే మాట మనకు అలవాటైపోయింది. నాలుగు బాంబులకే జనం బెదిరిపోయారన్న అర్థం అందులో ఉంది. నేను ఒప్పుకోను. ఆ జనానికి బాంబులు పడకముందే ఒక విషయం తెలుసు. అది రంగం నుంచి వచ్చింది.

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా కోస్తా పల్లెల్లో రంగం అంటే బర్మాలోని రంగూన్. రేవులో బరువులు మొయ్యడానికి, బియ్యం మిల్లుల్లో కూలికి మనవాళ్లు ఓడెక్కి వెళ్లిన ఊరు. 1941 డిసెంబర్ 23న అక్కడ బాంబులు పడ్డాయి. మార్చి 8న ఊరు జపాన్ చేతికి పోయింది. లక్షలాది భారతీయులు కాందిశీకులై, కొండలూ అడవులూ దాటి ఇటు నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలోనే వేలమంది పోయారు. బతికి వచ్చినవాళ్లు చెప్పిన మాట ఒకటే: తెల్లవాళ్లకు ఒక దారి, మనకు ఇంకో దారి. మలయాలోని పెనాంగ్‌లోనూ అంతకుముందు డిసెంబర్‌లో యూరోపియన్లను గుట్టుగా ఓడలెక్కించి, మిగతా జనాన్ని వాళ్ల ఖర్మకు వదిలేశారు. రంగం సంగతి పల్లెలకు పత్రిక చదివితే తెలిసింది కాదు. సొంత బావమరిది ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని చెబితే విన్నది.

అలాంటి ఇంట్లో బాంబు చప్పుడు వినపడితే ఏమనుకుంటారు? రేపు జపాన్ వాడు దిగితే సర్కారు మనల్ని కాపాడుతుందా, తనవాళ్లను తీసుకుని పోతుందా అనే కదా. జవాబు మద్రాసు నుంచే వచ్చింది. అత్యవసరమైన పని లేనివాళ్లు నగరం విడిచి వెళ్లాలని ప్రభుత్వం సలహా ఇచ్చింది. తన ఆఫీసులను లోపలి ఊళ్లకు తరలించింది. బాంబులు పడితే తప్పించుకుంటాయేమోనని జూలోని సింహాలను, పులులను కాల్చి చంపించింది. జపాన్ సైన్యం రానే లేదు. జపాన్ నౌకాదళం బంగాళాఖాతం వదిలి వెనక్కి వెళ్లిపోయింది.

అదే ఏడాది పుకార్లను అడ్డుకోవడానికి, జనంలో ధైర్యం నింపడానికి ప్రభుత్వం నేషనల్ వార్ ఫ్రంట్ పేరుతో ప్రచారం మొదలుపెట్టింది. సెక్రటేరియట్ బీరువాలు రైలెక్కుతుంటే కళ్లారా చూసిన మనిషికి "ధైర్యంగా ఉండండి" అన్న ఉపన్యాసం ఎలా ఎక్కుతుంది?

అప్పట్లో ఒపీనియన్ పోల్స్ లేవు గానీ జనాభిప్రాయం తెలుసుకోవడానికి ఆనవాళ్లున్నాయి. 1940లో ఫ్రాన్స్ పడిపోయినప్పుడే జనం నోట్లు ఇచ్చేసి వెండి రూపాయలు తెచ్చి దాచుకోవడం మొదలుపెట్టారు. సర్కారు మళ్లీ రూపాయి నోటు అచ్చు వేయాల్సి వచ్చింది. 1942 జులైలో వార్ధాలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం ఇంకా సూటిగా చెప్పింది. బ్రిటన్ మీద ద్వేషం పెరుగుతోందని, జపాన్ గెలుపులు చూసి సంతోషించేవాళ్లు ఎక్కువవుతున్నారని, మలయా, సింగపూర్, బర్మాల అనుభవం ఇక్కడ వద్దని. ఆ సంతోషం జపాన్ మీద ప్రేమ అని నేను అనుకోను. తమను ఏనాడూ లెక్కలోకి తీసుకోనివాళ్లు దెబ్బ తింటున్నారన్న ఊరట అది.

ఇక్కడ బ్రిటన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1939లో అక్కడి సమాచార శాఖ గోడలకెక్కించిన ఒక పోస్టర్‌లో ఇలా ఉంది: మీ ధైర్యం, మీ ఉత్సాహం, మీ పట్టుదల మాకు విజయం తెచ్చిపెడతాయి. కష్టం మీది, గెలుపు మాది అన్నట్టుందని జనం విసుక్కున్నారు. అందులోని "us" అన్న మాటను "మాకు" అని అనువదించాలా, "మనకు" అనాలా? ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో రాసి ఉంటే ఆ శాఖవాళ్లు ముందే తేల్చుకోవాల్సి వచ్చేది.

తర్వాత వాళ్లు కొంత నేర్చుకున్నారు. 1940 మే నుంచి జనం ఏమనుకుంటున్నారో రోజూ నివేదికలు తెప్పించుకున్నారు. ఆ సెప్టెంబర్‌లో లండన్ మీద బాంబులు కురుస్తుంటే, భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకోవడం ప్రభుత్వానికి ఇష్టం లేదు. జనం టికెట్ కొనుక్కుని లోపలికి దిగి, అక్కడే పడుకున్నారు. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి మంచాలు వేయించింది, మరుగుదొడ్లు పెట్టించింది. లండన్‌వాళ్లు మనకన్నా గుండెధైర్యం ఉన్నవాళ్లని కాదు. వాళ్ల మాట వినకపోతే అడిగే పార్లమెంటు ఉంది. మన దగ్గర యుద్ధంలోకి దించేముందు ఎవరినీ అడగలేదు. దానికి నిరసనగా 1939 అక్టోబర్‌లోనే మద్రాసు మంత్రివర్గం రాజీనామా చేసింది. విశాఖ మనిషికి మిగిలింది ఊరు విడిచిపోవడం ఒక్కటే.

2025 మే 7న, పాకిస్తాన్‌తో ఘర్షణ వేళ, అదే విశాఖలో, హైదరాబాద్‌లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. ఇప్పుడు సర్కారును ఎన్నుకున్నది మనమే, ఆ తేడా చాలా పెద్దది. కానీ మర్నాటి రాత్రి దేశంలో అనేక టీవీ చానళ్లు కరాచీ రేవు ధ్వంసమైందని గంటల తరబడి అరిచాయి. అది జరగలేదు. జనంలో ఉత్సాహం నింపుతున్నామని వాళ్లు అనుకుని ఉండొచ్చు. పిల్లలు పంజాబ్‌లో, జమ్మూలో చదువుతున్న ఇళ్లలో ఆ రాత్రంతా టెన్షనే. ఒకసారి అబద్ధమని తేలాక, అదే చానల్ "సరిహద్దులో అంతా మామూలుగానే ఉంది" అంటే ఆ తల్లి ఎలా నమ్ముతుంది? ఆమెకు కావాల్సింది కరాచీ కాదు. మా అమ్మాయి హాస్టల్లోనే ఉండాలా, బయల్దేరాలా, బయల్దేరితే ఏ రైలు ఉంది? దానికి జవాబు దొరికింది ఢిల్లీలో ఆంధ్ర భవన్, తెలంగాణ భవన్ తెరిచిన హెల్ప్‌లైన్లలో.