జెల్డాకు స్వేచ్ఛ 2017లో పుట్టలేదు

నింటెండో వీడియో గేమ్ సిరీస్ జెల్డా గురించి ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా ముప్పై ఏళ్లు ఒకే మూసలో నడిచింది, చెప్పిన దారిలోనే పోవాలి, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ వచ్చాకే ఆటగాడికి స్వేచ్ఛ దొరికింది’ అనే మాట తెగ తిరుగుతోంది. 2017 నాటి ఆ ఆట గొప్పదే. కానీ ఈ మాట తప్పు.

ముందు ‘చెప్పిన దారి’ సంగతి. 1986లో నింటెండో గేమ్ యంత్రమైన ఫామికామ్ డిస్క్ సిస్టమ్‌ మీద వచ్చిన మొదటి ఆట పెట్టి చూడండి. కథానాయకుడు లింక్ ఉత్త చేతులతో నిలబడి ఉంటాడు. పక్కనే ఒక గుహ, మూడు వైపులా దారులు. గుహలోకి వెళ్తే ముసలాయన కత్తి ఇస్తాడు. వెళ్లకపోతే ఆట అడ్డుపడదు. పటం మొత్తం 128 తెరలు. తొమ్మిది డంజన్లలో (శత్రువులూ చిక్కుముడులూ నిండిన నేలమాళిగలు) 1, 2, 3, 5, 6 గుమ్మాలు మొదటి నుంచీ తెరిచే ఉంటాయి. నాలుగో దానికి తెప్ప కావాలి, అది మూడోదాంట్లో ఉంది. ఏడో దానికి, అయిదోదాంట్లో దొరికే పిల్లనగ్రోవి ఊది చెరువు ఎండగట్టాలి. ఎనిమిదో గుమ్మం ఒక పొద కింద ఉంది. 60 రూపీలు (ఆటలోని డబ్బు) పెట్టి కొవ్వొత్తి కొని పొదను కాల్చాలి. తొమ్మిదికి, మిగతా ఎనిమిదింట్లో ఒక్కోటి దొరికే ట్రైఫోర్స్ అనే మాయా త్రికోణం ముక్కలన్నీ ఉండాలి. మొదట్లో ఉండే మూడు గుండెల ప్రాణంతో అయిదోదాంట్లో దూరితే నిలబడటం చాలా కష్టం, అయినా వెళ్లనిస్తుంది. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ బృందం తమ ఆలోచనలను పరీక్షించడానికి ఈ ఆట రూపంలోనే ఒక 2డి నమూనా చేసుకుంది. 2017 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో దాన్ని చూపించారు కూడా.

‘ఒకే మూస’ అన్నదీ నిలబడదు. 1987లో రెండో ఆట పక్కనుంచి కనిపించే పోరాటానికి, శత్రువులను ఓడించి బలం పెంచుకునే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లకు మారింది. 2000లో మజోరాస్ మాస్క్ మూడు రోజులనే తిప్పితిప్పి ఆడించింది. 2002లో విండ్ వేకర్ 49 గళ్ల సముద్రం పరిచింది. ఒక డంజన్‌లో దొరికిన వస్తువుతో తరవాతి తాళం తీసే పద్ధతి 1991లో ఎ లింక్ టు ది పాస్ట్‌తో స్థిరపడింది, 2011 స్కైవర్డ్ స్వోర్డ్‌లో బాగా బిగుసుకుంది. ఫిర్యాదులో నిజం అంతవరకే. 2013లో ఎ లింక్ బిట్వీన్ వరల్డ్స్ ఆ ముడి విప్పేసింది: వస్తువులు అద్దెకు తీసుకోవచ్చు, చనిపోతే అవి వెనక్కి పోతాయి, చాలా డంజన్లు ఇష్టమైన వరసలో తిరగొచ్చు.

బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో కొత్తవి అనుకునేవి కొన్ని పాతవే. స్టామినా (పరుగెత్తితే, ఎక్కితే తరిగే ఓపిక) కొత్తది కాదు, స్కైవర్డ్ స్వోర్డ్‌లో ఉంది. డాలు పాడవడం కూడా పాతదే. 1998 ఒకరీనా ఆఫ్ టైమ్‌లో డెకు డాలు అనే చెక్క డాలు నిప్పు తగిలితే కాలిపోతుంది.

2017 ఆటలో అసలు కొత్తదనం వస్తువులూ పంచభూతాలూ ఒకదానితో ఒకటి ఎలా ప్రవర్తించాలో ఒకే నియమావళి రాసుకోవడం. కట్టెల మోపు కింద పెట్టి, పక్కన చెకుముకి రాయి వేసి, లోహపు కత్తితో కొట్టండి: మంట అంటుకుంటుంది. చెక్క దుడ్డుతో కొడితే నిప్పురవ్వ రాదు. వానలో మంట నిలవదు, కొండ చరియ కిందికి జరగాలి. ఎండుగడ్డి అంటుకుంటే వేడిగాలి పైకి లేస్తుంది, పారాగ్లైడర్ విప్పితే మిమ్మల్నీ లేపుతుంది. ఉరుములు మొదలయ్యాక ఆ లోహపు కత్తి వీపున ఉంచుకోకండి, పిడుగు వెతుక్కుంటూ వస్తుంది. శత్రువుల మధ్యకు విసిరేయండి, వాళ్ల మీదే పడుతుంది.