పేర్లన్నీ పడ్డాక వచ్చే ఆఖరి సీను గారికి

ఆఖరి సీను గారికి, హాలియా నుంచి ఒక అభిమాని నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరే కనిపించలేదు.

నిన్న ఆదివారం మా మేనల్లుణ్ని వెంటబెట్టుకుని బస్సెక్కి నల్లగొండ వచ్చాను, తమరి హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా రెండో భాగం చూద్దామని. మొదటి భాగం చివర ‘మళ్లీ వస్తాడు’ అని మాటిచ్చింది తమరే కదా. వచ్చాడు. వచ్చి గంటసేపు వాళ్ల నాయన గురించి బాధపడ్డాడు. పోనీ అనుకున్నాం. 2018లో అవెంజర్స్ సినిమాలో విలన్ థానోస్‌కు తెలుగులో రానా గొంతిచ్చాక విలన్ అంటే అట్లా ఉరమాలని మాకో లెక్క ఉంది. ఈయన వార్తలు చదివినట్టు బెదిరించాడు. త్రీడీ కళ్లద్దాల మీది గీతలను ఇంటర్వెల్ దాకా ఆయన ముఖం మీది గాయాలే అనుకున్నాను. వాళ్ల సినిమాలకు ఇంటర్వెల్ ఉండదు కాబట్టి, సమోసాలు ఎప్పుడు వేగితే అప్పుడే మావాళ్లు ఆపారు. హీరో గాల్లో ఉన్నాడు. పావుగంట అట్లే ఉన్నాడు పాపం.

ఇవన్నీ మాఫీ. నా పంచాయితీ తమరితోనే.

మా దగ్గర భాగవతమైనా ఒగ్గుకథైనా మంగళహారతి పాడారంటే అయిపోయినట్టే. పళ్లెంలో పదో ఇరవయ్యో వేసి లేస్తాం. మంగళం పాడాక మళ్లీ కథ ఎత్తుకునే అలవాటు తమరొక్కరిదే. 2008లో ఐరన్ మ్యాన్ చివర ఆ ఒంటికన్నాయన చీకట్లోంచి వచ్చినప్పటి నుంచి ఈ రోగం నాకు అంటుకుంది. మేకప్ వాళ్లు, డ్రైవర్లు, అన్నం వండినవాళ్లు, లెక్కలు రాసినవాళ్లు, అందరి పేర్లూ చదువుతూ కూర్చుంటున్నాను. మా పెళ్లిపత్రికలోనైతే ఇంత జాబితానూ ‘బంధుమిత్రుల అభినందనలతో’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. 2019లో అవెంజర్స్ ఎండ్‌గేమ్‌కు మూడు గంటల ఒక్క నిమిషం కూర్చోబెట్టి, ఆఖరుకు సీను కూడా లేకుండా సుత్తి చప్పుడు వినిపించి పంపారు. మా భాషలో సుత్తి అంటే ఇంకో అర్థం ఉందని తమరికెవరూ చెప్పలేదా?

ఇక ఈ తమరు గిమరు నా వల్ల కాదు. విను.

పేర్లు మొదలవగానే హాలు ఖాళీ అయింది. మేమిద్దరం మిగిలాం. చీపురు పట్టుకుని ఒకామె వచ్చింది. “అయిపోయింది బిడ్డా, లెవ్వుండ్రి.” ఇంకో సీను ఉందమ్మా అన్నాను. “ఇంకేమున్నది, పేర్లే గదా!” ఆమెను ఏమనగలను? నా మేనల్లుడు ఒంపిన పాప్‌కార్న్ కూడా ఊడ్చాల్సింది ఆమే. కాళ్లు పైకెత్తి కూర్చున్నాం.

మావాడు కూడబలుక్కుని చదువుతున్నాడు. గ్రాఫిక్స్ వాళ్ల వరుస వచ్చేసరికి “మామా, రెడ్డి!” అని అరిచాడు. నిజమే. దాని కిందే ఒక రావు, ఇంకాస్త కింద ఒక శ్రీనివాస్. “మనోళ్లేనా?” “మనోళ్లేరా.” వాడి ముఖం చూడాల్సింది. రెండున్నర గంటలు ఎగిరిన హీరో కూడా వాణ్ని అంత సంతోషపెట్టలేదు. ఇంకో మనోడి కోసం వేలితో వెతుకుతుంటే లైట్లు వెలిగాయి, తెర ఆరిపోయింది. ఎవరిదో పేరు సగంలోనే పోయింది.

ఆ హాలుకు కూతవేటు దూరంలోనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పొద్దంతా శివుడి మీద నీడ కదలకుండా నిలబడేట్టు కట్టారు దాన్ని, కందూరు చోళుల కాలంలో. అదే ఊళ్లో తెర మీది నీడను ఇంకో నాలుగు నిమిషాలు నిలబెట్టే మొనగాడు లేడు.

హైదరాబాద్‌లో చూసొచ్చిన దోస్తుకు బస్టాండు నుంచే ఫోన్ చేశాను. “ఏం లేదురా, ఒక తలుపు తెరుచుకుంటది, చెయ్యి కనబడతది. గంతే.” గంతేనా? దీనికా నేను ఆరింటి బస్సు వదులుకుంది? సిగ్గుండాలి నీకు. నాకు కూడా.

“ఎవరి చెయ్యి మామా?” అని బస్సులో మావాడు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని అదే. ఇవాళ పొద్దున బడికి పోతూ గేటు దగ్గర ఆగి మళ్లీ అదే. కుడి చెయ్యా ఎడమ చెయ్యా కనుక్కుందామని దోస్తుకు మళ్లీ చేశాను, ఎత్తలేదు.

మూడో భాగానికి ఎట్లాగూ వస్తాం, అది నీకూ తెలుసు. ఈలోపు ఆ చెయ్యి ఎవరిదో మాత్రం ఒక్క ముక్క రాసి పడెయ్.