టికెట్టు కొన్నోడికి నవ్వు బాకీనా?

ముందే చెప్పేస్తా, ఈ మామా మేనకోడళ్ళ గొడవలో నేను కోడలి పక్షం. మామ ఆర్టీసీ కండక్టర్‌గా రిటైరైనాడు, తిరుపతి వేలూరు రూట్లో జాస్తి తిరిగినాడు. మేనకోడలు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి పక్క రాష్ట్రంలో ఒక వాటర్ పార్కులో రైడ్ల కాడ పని చేసి వచ్చింది, పార్కు పేరు మనకొద్దు. గొడవంతా ఫ్యామిలీ గ్రూపులో పడిన ఒక వీడియో మీద. రోలర్ కోస్టర్ కాడ మైకు పట్టుకునే పిల్లోడు ఉన్నట్టుండి కండక్టర్ గొంతు పెట్టి "పూతలపట్టు వాళ్ళు దిగండి, ముందుకు జరగండి, రైట్ రైట్" అన్నాడు, కూర్చున్నోళ్ళంతా పడీ పడీ నగినారు, ఎవురో ఫోన్లో తీసి పెట్టేసినారు.

మామ: ఎన్నిసార్లు చూసినా నగు ఆగల్యా పాపా. అట్లాంటి పిల్లోడు ఉండాల పార్కు అంటే. మిగతావాళ్ళంతా ఇస్త్రీ చేసిన నవ్వు మొహానికి తగిలించుకోని నిలబడుకోనుంటారు, వీడొక్కడే మనిషి మాదిరి మాట్లాడినాడు.

కోడలు: వాడి ఉద్యోగం ఉందో పోయిందో అది చెప్పు ముందు.

మామ: యాడికి పోతాది? జనం నగినారు గదా, పార్కుకి మంచిదే.

కోడలు: వీడియోలో వాడి మొహం కనిపిస్తా ఉండాది, షర్టు మీద పేరు కనిపిస్తా ఉండాది, వెనకాల పార్కు బోర్డు గూడా ఉండాది. వాడు చెప్పాల్సింది ఊరికే మాటలు కాదు మామా, బార్ లాక్ అయిందా చూసుకోండి, చేతులు బయట పెట్టొద్దు, ఫోన్లు తీసి పెట్టండి, ఇట్లాంటివి. అవన్నీ చెప్పినాకనే జోకు ఏసినాడేమో, మనకేం తెలుసు, వీడియో జోకు కాడనే మొదలైతాది. తీసినోడికి కావాల్సింది ఆ ముక్క. రేపు మేనేజర్ చూసేదీ ఆ ముక్కే, సేఫ్టీ చెప్పకుండా ఎగతాళి చేస్తాండాడు అంటాడు, వాడు ఏమని చెప్పుకుంటాడు?

మామ: నువ్వు అన్నిటికీ భయపడతావు. మాకు ఎవురన్నా నేర్పినారా ఇట్ల నవ్వు, అట్ల నిలబడు అని? చిల్లర ఇయ్యకపోతే అరిస్తిమి, చంటిబిడ్డని ఎత్తుకోని వచ్చిన ఆమెకి సీటు ఇప్పిస్తిమి, కాణిపాకం పొయ్యొచ్చేవాళ్ళు ప్రసాదం పెడితే కండ్లకి అద్దుకోని తింటిమి. కోపమొస్తే కోపం, నగొస్తే నగు. అంతా సొంత మొహమే. మీ పార్కుల్లో అమెరికావోడి కాడ నేర్చుకున్న ప్లాస్టిక్ మొహాలు, గుడ్ మార్నింగ్ సార్, ఎంజాయ్ యువర్ డే సార్. అది పగిలి లోపలి మనిషి బయటపడితే జనానికి సంతోషం. దాంట్లో తప్పేముంది?

కోడలు: అమెరికావోడి మాట ఎత్తినావు గాబట్టి చెప్తా, మాకు ట్రైనింగ్‌లో మొదటి రోజు చెప్పింది ఆ కథే. డిస్నీల్యాండ్ 1955 జూలై 17న కాలిఫోర్నియాలో తెరిచినారు. అక్కడ పని చేసేవాళ్ళని పనోళ్ళు అనరు, కాస్ట్ మెంబర్స్ అంటారు, అంటే నాటకంలో వేషగాళ్ళు. వచ్చేవాళ్ళు గెస్టులు. జనం తిరిగే చోటు స్టేజీ, జనానికి కనపడని చోటు బ్యాక్‌స్టేజీ. దోవ చూపించేదానికి ఒక వేలు చూపకూడదు, రెండు వేళ్ళో లేకపోతే మొత్తం అరచెయ్యో చూపాల. మిక్కీ మౌస్ వేషం ఏసినోడు జనం ముందర తల తియ్యకూడదు. ఫ్లోరిడాలో 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్ కట్టినప్పుడు కింద సొరంగాల మాదిరి దోవలే పెట్టినారు, ఒక కథలో వేషగాడు ఇంకో కథ మధ్యలో నడుచుకుంటా పోకుండా. నువ్వు ప్లాస్టిక్ అంటాండావు గానీ మామా, అది ప్లాస్టిక్ కాదు, పని. తల లోపల ఎంత ఉడుకు ఉంటాదో నీకు తెలీదు, ఎండాకాలం మా పార్కులో ఎలుగుబంటి వేషం ఏసే పిల్లోడు బ్యాక్‌స్టేజీకి వస్తానే ఆ తల తీసి ఫ్యాన్ కాడ కూలబడేవాడు, మాట గూడా వచ్చేది కాదు. పిల్లోళ్ళు తోక లాగతారు సరే, పెద్దోళ్ళు గూడా లోపల ఆడా మగా అని తడిమి చూస్తారు, నగుకుంటా, దాన్ని వాళ్ళ స్నేహితుడు వీడియో తీస్తాంటాడు, అదొక జాలీ వాళ్ళకి. డిస్నీల్యాండ్‌లోనే 2024 మేలో ఆ వేషాలు ఏసేవాళ్ళు ఓటేసి యూనియన్ పెట్టుకున్నారు. ఎందుకు పెట్టుకున్నారో నాకు ఎవురూ చెప్పాల్సిన పని లేదు. లోపలి మనిషి బయటపడాల అని నువ్వంటాండావే, ఆ మనిషి బయటపడాలనుకుంటాండాడా అని అడిగినోడు ఎవురు?

మామ: యూనియన్ పెట్టుకుంటే మంచిదే, మేమూ పెట్టుకున్నాం. నేను చెప్పేది నవ్వు గురించి. జీతమిచ్చి నవ్వమనేది నవ్వా?

కోడలు: జీతమిచ్చి కోప్పడమనేది కోపమా మరి? అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ అని ఒక ప్రొఫెసరమ్మ, 1983లోనే రాసిపెట్టింది, మాకు పాఠంలో ఉండె. ఎయిర్ హోస్టెస్‌లు రోజంతా నవ్వేది గూడా మూటలు మోసినట్టే శ్రమ అని. ఆమె ఎయిర్ హోస్టెస్‌లతోనే ఆపల్యా, బాకీలు వసూలు చేసేవాళ్ళ కాడికి గూడా పొయ్యింది. వీళ్ళు నవ్వు తెచ్చుకోవాల, వాళ్ళు కసురు తెచ్చుకోవాల, రెండూ డ్యూటీనే. నువ్వు టికెట్టు లేనోడి మీద అరిచినప్పుడు వాడి మీద నీకు నిజంగా పగ ఉండెనా? ఇంటికొచ్చి అత్త పెట్టిన సంగటి తింటా ఆ టికెట్టు లేనోడి కథ చెప్పి నువ్వే నగతావుంటివి. సొంత మొహం అంటావే, నీ కండక్టర్ మొహం గూడా డిపోలో ఏసుకోని డిపోలో ఇప్పేసిందే.

మామ: (కొంచేపు గమ్మునుండి) చెకింగోళ్ళు ఎక్కినప్పుడు మాత్రం నిజం కోపమే.

కోడలు: అది వేరే.

మామ: సరే, నాదొకటి చెప్తా, దీనికి జవాబు చెప్పు. రైడ్‌లో పైనుంచి కిందికి వదిలేటప్పుడు యాడో కెమెరా పెట్టుంటారు గదా? మన మొహం వంకర పొయ్యి, కండ్లు బయటికొచ్చి, దేవుడా అని అరిచేటప్పుడు కరెక్టుగా ఫోటో పట్టేస్తారు. బయటికొస్తానే కౌంటర్ కాడ టీవీల్లో వరసగా ఏసుంటారు, ఊళ్ళో అందరూ చూసి నగతా ఉంటారు, ఆడపిల్లల పైట జారిన ఫోటోలు గూడా ఉంటాయి. మళ్ళా మా మొహం మాకే ఫ్రేమ్ కట్టి అమ్ముతారు. మమ్మల్ని అడిగినారా? మీ వేషగాడి మొహానికే మర్యాదా, మా మొహానికి లేదా?

కోడలు: వద్దంటే కొనొద్దు మామా...

మామ: కొనకపోయినా టీవీలో ఏసినారు గదమ్మే. అదీగాక బ్యాక్‌స్టేజీలో మీరంతా కూర్చోని మా గురించి ఏం మాట్లాడుకుంటారో చెప్పనా? స్లైడ్‌లో ఇరుక్కున్న లావు మనిషి గురించి, నీళ్ళంటే భయపడి అరిచిన కొత్త పెండ్లికొడుకు గురించి నువ్వే ఇంట్లో యాక్ట్ చేసి చూపిస్తివి గదా పండక్కి. మేమంతా నగినాం. అది మాత్రం ఒప్పా?

(ఇక్కడ కోడలికి జవాబు దొరకల్యా. నిజం చెప్పాలంటే నాకూ దొరకల్యా. టీవీలో ఏసేది తప్పే అని నా లెక్క, కానీ ఆ తప్పు కౌంటర్ కాడ నిలబడిన జీతగాడిది కాదు గదా, పెట్టమన్నోడిది. ఈ మాట ఆ పొద్దు కోడలికి తట్టల్యా.)

కోడలు: యాక్ట్ చేసినా, ఒప్పుకుంటా. ఫోన్లో తీసి ఊరంతా పంచల్యా. సరే, మద్రాసులో వీజీపీ పార్కులో బొమ్మ మాదిరి నిలబడుకోనుండే మనిషి సంగతి చెప్పు.

మామ: ఆహా, ఆయప్పది భలే ఉంటాది! ఎక్స్‌కర్షన్ స్పెషల్ బస్సుల్లో ఇస్కూలు పిల్లోళ్ళని తోలుకోని పోతే ఫస్టు పరిగెత్తేది ఆడికే. రాజుల కాడ కావలోడి మాదిరి డ్రెస్సు, మీసాలు, కదలడు మెదలడు. పిల్లోళ్ళు కోతి చేష్టలు చేసేది, డ్యాన్సు ఆడేది, ఆయన మాత్రం రాయే. నగిస్తే బహుమతి అనేవాళ్ళు.

కోడలు: ఆయన్ని గిల్లినోళ్ళు లేరా? మొహం మీదికి ఊదినోళ్ళు? 2020లో ఆయన కరోనాతో పొయ్యినాడని వాట్సాప్‌లో పుకారు లేపినారు, బతికుండే మనిషికి. ఫోటో పెట్టి రిప్ అని అందరూ ఫార్వర్డ్ చేసినోళ్ళే, నువ్వు గూడా చేస్తివి. పేరేంది ఆయనది?

మామ: ...తెలీదు. కానీ పాపా, అక్కడ నగించేదే ఆట, ఆయన ఒప్పుకోనే నిలబడినాడు. నీ లెక్క ప్రకారం ఎవురూ ఆయన ముందర నిలబడి నాలుక గూడా చాపకూడదా?

కోడలు: చాపొచ్చు. నగించేదానికి ఒప్పుకున్నాడు, గిల్లేదానికి ఒప్పుకోల్యా. మన తిరుపతి గంగజాతర చూడు. కైకాల కులమోళ్ళు గంగమ్మ వేషం కడతారు, లోపల ఎవురుండారో వీధి వీధికీ తెలుసు, పొద్దున టీ అంగట్లో చూసినోళ్ళే. అయినా వేషం కట్టినాక ఎవురన్నా పోయి ఏం బావా, బాగుండావా, ఒకసారి నవ్వు అంటారా? కాళ్ళకి నీళ్ళు పోస్తారు. దొర వేషం వచ్చినప్పుడు...

మామ: మూడో రోజు.

కోడలు: నాలుగో రోజు మామా. బైరాగి, బండ, తోటి, దొర.

మామ: తోటి తర్వాత మాతంగి.

కోడలు: గంగమ్మ దొర వేషంలో ఆ దుర్మార్గుడు పాలేగాణ్ణి సంపినాకనే గదా మాతంగి వేషంలో పొయ్యి వాడి పెండ్లాన్ని ఓదార్చేది? సంపకముందే ఓదారుస్తాదా?

మామ: నేను తాతయ్యగుంట గంగమ్మ గుడి కాడ పుట్టి పెరిగినోణ్ణి, నాకు చెప్తావా నువ్వు. చిన్నప్పుడు బండ వేషం ఏసుకోని బూతులు తిట్టినోణ్ణి.

కోడలు: బూతులు మాత్రం గుర్తున్నాయి, వరస గుర్తుల్యా.

(ఈ వరస మీదనే చాలాసేపు కొట్లాడుకున్నారు, అత్తని పిలిచి అడిగితే ఆమె గూడా కోడలు చెప్పిందే కరెక్టు అనింది, దాంతో మామకి ఇంకా మండింది.)

మామ: అది సరే, దేవతకీ ఎలుగుబంటికీ లింకు పెడతావేంది? జాతరలో వేషం అంటే మొక్కు. మీది టికెట్టు. వెయ్యికి పైన పోసి లోపలికొచ్చినోడు మొక్కడు పాపా, లెక్క చూసుకుంటాడు. నా దుడ్లకి ఏమొచ్చింది అని చూస్తాడు. నువ్వు మర్యాద అడుగుతాండావు, వాడు బిల్లు చూపిస్తాడు.

కోడలు: బిల్లులో రైడ్ ఉండాది, నీళ్ళు ఉండాయి, సేఫ్టీ ఉండాది. నా లోపల ఏముందో అది బిల్లులో ల్యా. నన్ను రోజూ తిట్టింది దేనికో తెలుసా, నైలాన్ డ్రెస్సుకి. కాటన్, చీర, జీన్స్ ఏసుకోని నీళ్ళలోకి దిగకూడదు, స్లైడ్‌లో ఇరుక్కుంటాది, దారాలు ఊడి ఫిల్టర్లలోకి పోతాయి. ఆ రూల్ నేను పెట్టల్యా. ఎత్తు కర్ర కాడ ఇంకో గొడవ, 140 సెంటీమీటర్లు ఉండాల, వాళ్ళబ్బాయి 137 ఉంటాడు, నాయన వచ్చి జుట్టు పైకి దువ్వి మళ్ళా కొలువు అంటాడు, బూట్లలో పేపర్లు కుక్కుకోని వచ్చినోళ్ళు ఉండారు. వద్దంటే నీ మొహానికి నవ్వడం గూడా రాదా అంటారు. నవ్వుతా వద్దంటే, ఎగతాళిగా ఉందా అంటారు. అదే చోట ఒక అవ్వ, ఇంట్లోవాళ్ళంతా నీళ్ళల్లో ఉంటే మెట్ల మీద సంచుల కావలి కూర్చోనుండె. నన్నే చూస్తా చూస్తా, అన్నం తిన్నావామ్మే అనింది. లంచ్ బ్రేక్ పోయింది, తినల్యా. టవల్లో చుట్టి తెచ్చిన చిత్రాన్నం తీసింది. బయటి తిండి లోపలికి తేకూడదు, నేను చూస్తే సెక్యూరిటీకి చెప్పాల. చెప్పల్యా. పంపు రూము వెనకాల నిలబడుకోని తినేసినా, ఆమె నేను తినేదాకా ఎవురూ రాకుండా చూసింది. ఆ ఉద్యోగంలో నాకు గుర్తున్నది అదొకటే.

మామ: చూసినావా! అదే గదమ్మే నేను మొదట్నుంచీ చెప్పేది! రూలు పక్కన పెట్టినప్పుడే మనుషులు కలిసేది. ఆ పిల్లోడు పూతలపట్టు అన్నదీ, నువ్వు చిత్రాన్నం తిన్నదీ ఒకటే.

కోడలు: ఒకటే, ఫోన్ లేదు అంతే. ఆమె అడిగింది, నేను తిన్నా. ఎవురూ లాగల్యా, ఎవురూ తియ్యల్యా.

మామ: ఇప్పుడు నువ్వు మాకందరికీ చెప్తివి గదా, ఇది వీడియో కాదా? మీ మేనేజర్ వింటే?

కోడలు: ఆమె పేరు చెప్పినానా? ఊరు చెప్పినానా? మొహం చూపించినానా? చెప్పింది నా సంగతి, పోతే నా ఉద్యోగం, అదీ మానేసినాక. ఆ పిల్లోడి వీడియో నువ్వు మన గ్రూపు నుంచి ఇంకెన్ని గ్రూపులకి పంపినావు?

మామ: ...కండక్టర్ల గ్రూపుకి పంపినా. వాళ్ళకి బాగుంటాదని.

కోడలు: తీసెయ్.

మామ: వాళ్ళు ఈపాటికి డ్రైవర్ల గ్రూపుకి ఏసుంటారు. నువ్వు చెప్పేది అంతా బాగానే ఉండాది గానీ, జనం నగుకుంటే లోకం మునిగిపోదు. వచ్చే నెల చెన్నైకి పోదాం అంటాండారు పిల్లోళ్ళు, కొత్త పార్కంట. నేను పంచెతోనే వస్తా, నీళ్ళల్లో దిగుతా.

కోడలు: పంచెతో దిగనీరు. నైలాన్ నిక్కరు కొనుక్కోవాల, అక్కడే అమ్ముతారు.

మామ: ఈ వయసులో నిక్కరా? గేటు కాడ నేను మాట్లాడుకుంటాలే.

కోడలు: గేటు కాడ ఉండేది నా అంత పిల్లే మామా. దాంతో మాట్లాడొద్దు.

మామ: మాట్లాడతా. నవ్వుతానే మాట్లాడతా.