పట్టా మీద లేని పేర్లు

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. గైడ్‌కి ఒక పేరా, కమిటీకి రెండు వాక్యాలు, చివర్లో "నా కుటుంబానికి, స్నేహితులకు" అని ఒక ముక్క. ఈమధ్యే నా మాస్టర్స్ పూర్తయింది. నా పేజీ రాయడానికి కూర్చున్నప్పుడు ఆ చివరి ముక్క దగ్గరే ఎక్కువసేపు ఆగాను. అసలు బరువు మోసినవాళ్ళందరూ అందులోనే ఉన్నారు. ఎవరు ఏం చేశారో అక్కడ విడివిడిగా చెప్పాలి, అదీ వాళ్ళు చదువుకోగలిగే భాషలో చెప్పాలి అని నా అభిప్రాయం.

ఇంట్లోవాళ్ళకి థాంక్స్ ఏమిటి, మనం పరాయివాళ్ళమా అంటారు మనలో చాలామంది. ప్రేమతోనే అంటారు. అయినా నేను ఒప్పుకోలేను. లోన్‌కి నాన్న హామీ సంతకం పెట్టారు. నా ఉద్యోగం సంగతి తేలేదాకా ఆ అప్పు ఆయన మనసులో తిరుగుతూనే ఉంటుంది, నాతో మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే అమ్మ పరీక్షలయ్యేదాకా నాకు చెప్పేది కాదు. "టెన్షన్ పడతావని చెప్పలేదురా" అనేది తర్వాత. నేను అక్కడ లేనన్నాళ్ళూ ఆసుపత్రి పనులూ బ్యాంకు పనులూ అక్కే చూసుకుంది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ళ ఇళ్ళలోనైతే భార్యో భర్తో ఇద్దరి పనీ ఒక్కరే చేస్తారు, పిల్లల హోంవర్కుతో సహా. "మీరు లేకపోతే నేను లేను" అన్న మాట నిజమే. కానీ అందులో అక్క తిరిగిన తిరుగుడు కనిపించదు. చేసిన పని పేరు పెట్టి చెప్పినప్పుడే, ఇది గమనించారన్నమాట అని వాళ్ళకి తెలుస్తుంది.

కుటుంబానికి కనీసం కాన్వొకేషన్ ఫొటోలో చోటుంటుంది. క్లాస్‌మేట్ల సంగతే మరీ అన్యాయం. వాళ్ళకీ అదే పట్టా వచ్చింది కదా, లెక్క సరిపోయింది అనుకుంటాం. సరిపోలేదు. మార్కులు ఒకరితో ఒకరిని పోల్చి వేసే క్లాసులో, నాకు అర్థంకాని పాఠాన్ని కూర్చోబెట్టి చెప్పినవాడు తన గ్రేడుకి తనే పోటీ పెంచుకున్నాడు. ఆ సంగతి తెలిసే చెప్పాడు. నాకు జ్వరమొచ్చినప్పుడు గ్రూప్ ప్రాజెక్ట్‌లో నా భాగం కూడా పూర్తిచేసిన అమ్మాయి ఆ మాట ప్రొఫెసర్ దాకా వెళ్ళనివ్వలేదు. కమిటీ ముందు థీసిస్‌ని సమర్థించుకునే డిఫెన్స్‌కి ముందు నా స్లైడ్లు చూసి, "ఈ గ్రాఫ్‌కీ నువ్వు చెప్పే మాటకీ పొంతన లేదు" అని మొహమాటం లేకుండా చెప్పిన స్నేహితుడే లేకపోతే అదే మాట కమిటీ నోట వినాల్సి వచ్చేది.

తోటి విద్యార్థికి రుణపడటం గొప్పవాళ్ళకీ తప్పలేదు. జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో ఐన్‌స్టీన్ చాలా లెక్చర్లకు వెళ్ళేవాడు కాదు, పరీక్షల ముందు మార్సెల్ గ్రాస్‌మన్ నోట్సు చదువుకునేవాడు. చదువు ముగిశాక ఉద్యోగం దొరక్క తిరుగుతుంటే, ఆ గ్రాస్‌మన్ తండ్రి సిఫారసే 1902లో బెర్న్ పేటెంట్ ఆఫీసు ఉద్యోగానికి దారి చూపింది. 1905లో రాసిన డాక్టరేట్ థీసిస్‌ని ఐన్‌స్టీన్ ఆ మిత్రుడికే అంకితమిచ్చాడు.

మనకైతే అంతదూరం వెళ్ళే పనే లేదు. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతాన్ని తెలుగు చేస్తూ, అవతారికలోనే తన సహాధ్యాయి నారాయణభట్టును తలుచుకున్నాడు. భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు ఈ పనిలో తనకు ఆయన తోడున్నాడని చెప్పాడు. రాజును పొగిడి ఊరుకోవచ్చు, అలా ఊరుకోలేదు. కలిసి చదువుకున్నవాడి పేరు ఎత్తి, అతని పాండిత్యాన్ని మెచ్చుకుని, అతను చేసిన సాయమేమిటో చెప్పాడు. మన ఆదికవి కృతజ్ఞత చెప్పిన పద్ధతి ఇదైతే, మనం ఒక్క ముక్కతో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

అందుకే మన తెలుగు సంఘానికి ఒక విన్నపం. ఏటా మన సంచికలో పట్టభద్రుల ఫొటోలు వేస్తున్నాం, కింద యూనివర్సిటీ పేరూ చేరబోయే కంపెనీ పేరూ రాస్తున్నాం. కంపెనీ పేరు తీసేసినా నష్టం లేదు. ఆ చోట ప్రతి ఒక్కరూ తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలి: ఎవరు, ఏం చేశారు. తెలుగు రాయడం రాని పిల్లలు నోటితో చెబితే మనలో ఎవరైనా రాసిపెట్టవచ్చు, ఆ పనికి నేను సిద్ధం. అచ్చుకి ముందు ఆ వాక్యాలను సంబంధించినవాళ్ళకి చూపించి సరేననిపించుకోవాలి. ఇంటి అప్పుల సంగతీ అనారోగ్యాల సంగతీ పదిమందిలో పడటం కొందరికి ఇష్టముండదు. అలాంటివి ఉత్తరంలో రాసి నేరుగా వాళ్ళ చేతికే ఇవ్వాలి.