తాత అంటే నవ్వులాటేనా?

హిందీ సినిమాలో అరవై దాటిన మగవాడికి ఎక్కువగా దక్కేవి రెండే వేషాలు: పిల్లలు పట్టించుకోక కుమిలిపోయే తండ్రి, లేదా పెళ్లి పాటలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని గంతులేసే తాత. 1984లో వచ్చిన ‘సారాంశ్’లో, అప్పటికి ముప్పయ్యేళ్లయినా నిండని అనుపమ్ ఖేర్, పరాయి దేశంలో చనిపోయిన కొడుకు అస్థికల కోసం కస్టమ్స్ కార్యాలయంలో నిలదీసే విశ్రాంత ఉపాధ్యాయుడిగా నటించినప్పుడు, ఆ ముసలితనంలో కోపం, ఆత్మగౌరవం, భార్య మీద ప్రేమ అన్నీ ఉన్నాయి. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ? మొన్న ఒక హిందీ సినిమాలో, తాతకు చెవులు వినబడకపోవడం చూసి హాలంతా పగలబడి నవ్వుతుంటే, నా పక్కనే కూర్చున్న మా నాన్నగారు తన చెవి మిషన్‌ను మెల్లగా తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. మిగిలిన సినిమా అంతా ఆయన అలా వినకుండానే కూర్చున్నారు.