వార్ఫ్ చేతిలో సిలిండర్

నిన్న శనివారం. శనివారం ఆఫీసుకి రమ్మన్నారంటేనే ఏదో కీడు శంకించాలి. లీడర్‌షిప్ వర్క్‌షాప్ అన్నారు, మధ్యాహ్నం బిర్యానీ అన్నారు, వెళ్ళాం. డిజిటల్ ఉపవాసం పేరు చెప్పి ఫోన్లన్నీ గది బయట ట్రేలో పెట్టించారు. ట్రైనర్ గారు తలా ఒక చీటీ చేతిలో పెట్టి, ఈ రోజు మీరంతా అంతరిక్ష నౌకలో ఆఫీసర్లు అన్నారు. మీ డాక్టరమ్మని ఉగ్రవాదులు ఎత్తుకుపోయారు. కొట్టి తెచ్చుకుంటారా, మాట్లాడి తెచ్చుకుంటారా?

ఆయన సొంత బుర్రలో పుట్టిన కథేం కాదు. అంతరిక్ష నౌక కథలతో వచ్చిన అమెరికన్ టీవీ సీరియల్ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్' మూడో సీజన్‌లో, 1990 జనవరిలో వచ్చిన 'ది హై గ్రౌండ్' ఎపిసోడ్. పరాయి గ్రహం మీద బాంబు పేలితే డాక్టర్ క్రషర్ దెబ్బలు తగిలినవాళ్ళకి వైద్యం చేస్తూ ఉంటుంది. కెప్టెన్ పికార్డ్ నౌకకి వచ్చేయమంటాడు, ఆవిడ రానంటుంది, ఎత్తుకుపోతారు. అందులోనే డేటా అనే ఆండ్రాయిడ్, హింసతో పనులు జరిగిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయిగా అంటూ, బ్రిటన్ చేతిలో ఉన్న ఉత్తర భాగం కూడా కలిసి 2024లో ఐర్లండ్ ఒక్కటైందని ఉదాహరణ చెబుతాడు. ఆ ఒక్క ముక్క కోసం బీబీసీ మొదటి విడతలో ఎపిసోడ్ మొత్తాన్నే పక్కన పెట్టింది. 2024 వచ్చింది, పోయింది, ఐర్లండ్ రెండు ముక్కలు రెండు ముక్కలుగానే ఉన్నాయి.

పికార్డ్ చీటీ మా మేనేజర్ గారికి వచ్చింది. చీటీలు కలిపారనే అంటున్నారు. నాకు వార్ఫ్. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: వార్ఫ్ నౌక భద్రతాధికారి, నుదుటి మీద గట్లు గట్లుగా ఉండే క్లింగాన్ అనే గ్రహాంతర జాతివాడు. ఏ గొడవొచ్చినా 'దాడి చేద్దాం సార్' అంటాడు, పికార్డ్ 'వద్దు' అంటాడు. ఏడు సీజన్లూ ఇదే ఉద్యోగం. మా ఆఫీసులో ఇంక్రిమెంట్ అడిగినవాడి బతుకూ ఇంతే కాబట్టి పాత్రలో ఒదగడం నాకు కష్టం కాలేదు.

ఒంటిగంటకి బిర్యానీ వచ్చింది. కుర్రాడు గాజు గోడ అవతల బల్ల మీద పార్సిళ్ళు పేర్చి, మాకు చెయ్యూపి వెళ్ళిపోయాడు. మేం లేచి తలుపు పక్కనున్న బటన్ నొక్కాం. టిక్కుమంది. తలుపు రాలేదు. మళ్ళీ టిక్కు. నెట్టాం, లాగాం. మా హెచ్‌ఆర్ అమ్మాయికి నౌకలో అందరి మనసులూ కనిపెట్టి ఓదార్చే కౌన్సెలర్ ట్రాయ్ పాత్ర పడింది లెండి, ఆవిడ బటన్‌ని బుజ్జగించి కూడా చూసింది.

పైన ఉన్నది అయస్కాంతం తాళం. దాని మీద 280 కిలోలు అని స్టిక్కరు, అంటే అంత బలం పెడితే గానీ ఊడదు. కరెంటు పోతే దానంతటదే వదిలేస్తుంది. నిప్పంటుకుంటే జనం లోపల ఇరుక్కోకూడదని అలా చేస్తారు. మా ఆఫీసువాళ్ళు దానికీ యూపీఎస్ ఇచ్చారు. ఇలాంటప్పుడు పగలగొట్టడానికి గోడ మీద ఆకుపచ్చ పెట్టె ఒకటుండాలి. ఉంది కూడా. 'మీ భద్రతే మా మొదటి ప్రాధాన్యం' అనే పోస్టరు దాని మీదే అంటించారని తర్వాత తెలిసింది.

గదిలో ల్యాండ్‌లైన్ ఉంటే హెల్ప్‌డెస్క్‌కి చేశాం. 'టికెట్ రైజ్ చేయండి సార్.' తలుపు రావట్లేదయ్యా బాబూ అంటే, 'టికెట్ లేకుండా ఎవర్నీ అసైన్ చేయలేం సార్.' సరే అని ట్రైనర్ ల్యాప్‌టాప్‌లో నా ఐడీతో లాగిన్ అయితే ఓటీపీ అడిగింది. ఓటీపీ వచ్చింది. గాజు అవతల ట్రేలో, నా ఫోన్ మీద, తలకిందులుగా వెలిగింది. ముందు మూడంకెలు కనిపించాయి. మిగతా మూడింటి మీద ఎవరిదో పవర్ బ్యాంకు.

ఇంతలో ట్రైనర్ చప్పట్లు కొట్టాడు. 'అద్భుతం! ఎవరూ పాత్రలోంచి బయటికి రావద్దు. ఇప్పుడు బందీలు మీరే!' ఇలా అన్నందుకు రోజుకి ఎంత తీసుకుంటాడో హెచ్‌ఆర్‌కే తెలియాలి.

మూలన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంది. నేను వార్ఫ్‌ని. వెళ్ళి దాన్ని కొక్కెం మీంచి తీసి, రెండు చేతులతో నెత్తి మీదికెత్తి, గాజు తలుపుకి ఎదురుగా నిలబడ్డాను. 'అనుమతి ఇవ్వండి సార్.'

మా పికార్డ్ వేలు పైకెత్తాడు. 'ఒక్క నిమిషం. ఆప్షన్స్ ఏంటో బోర్డు మీద రాద్దాం.'

ఆరు కిలోలు అని రాసి ఉంటే ఆరు కిలోలే కదా అనుకుంటాం. ఆ ఆరు కిలోలూ లోపలి పౌడరు. సిలిండర్ ఇనుము వేరే. ఈ సంగతి దాన్ని నెత్తి మీద పెట్టుకున్నాక భుజాలే చెబుతాయి. అవతల బోర్డు మీద గీత గీశారు. ఎడమ పక్క 'బలం', కుడి పక్క 'సంభాషణ'. మార్కర్ పనిచేయలేదు. ఇంకో మార్కర్ వెతికారు.

పికార్డ్ తర్వాతి ఆఫీసరు రైకర్ పాత్ర వేస్తున్న టెస్టింగ్ లీడ్, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారుల్ని పట్టుకుపోయినప్పుడు బలప్రయోగం వికటించి బందీలు మిగల్లేదనీ, ఆ తర్వాతే న్యూయార్క్ పోలీసులు మాటలతో పని జరిపే బృందం పెట్టుకున్నారనీ చెప్పాడు. వాళ్ళ పద్ధతి తొందరపడకపోవడం, మాట సాగదీయడం, కాలాన్ని మన వైపు తిప్పుకోవడమట. కాలం ఎవరి వైపుందో గానీ సిలిండర్ నా వైపే ఉంది. నేను ఎంటెబీ అన్నాను. 1976, ఉగాండా విమానాశ్రయం, హైజాకర్ల చేతిలో ఉన్న వందమందికి పైగా బందీలను ఇజ్రాయెల్ కమాండోలు దిగి తెచ్చుకున్నారు. దానికి మా డేటా, 'ఆ టెర్మినల్ కట్టింది ఇజ్రాయెల్ కంపెనీయే, ప్లాన్లు వాళ్ళ చేతిలో ఉన్నాయి. మనకి ఈ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా డౌటే' అన్నాడు. పైగా టఫెన్డ్ గ్లాసు నడి మధ్య కొడితే పగలదు, మూల మీద కొట్టాలి అని చెప్పాడు. నేను ఒకడుగు మూలకి జరిగాను. ఎవరో కాందహార్ విమానం హైజాక్ అన్నారు. 1999 డిసెంబర్ 24న మొదలై 31న ముగిసిందనీ, ముగ్గురు ఉగ్రవాదుల్ని జైల్లోంచి వదలాల్సి వచ్చిందనీ. దాన్ని ఎడమ పక్క రాయాలా కుడి పక్క రాయాలా అని ఇంకో చర్చ.

దించేద్దామనుకున్నాను. 'ఆ పోజు అలాగే ఉంచండి' అంటూ ట్రైనర్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఉపవాసం మాకే. నిమజ్జనానికి వినాయకుణ్ణి నెత్తిన పెట్టుకుని క్రేను దగ్గర వంతు కోసం ఆగినవాడిలా నేను. చెమట కంట్లోకి జారుతోంది, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. గాజు అవతల బిర్యానీ డబ్బాల మూతల మీద ఆవిరి మెల్లగా తగ్గిపోతోంది.

అప్పుడొచ్చింది హౌస్‌కీపింగ్ అక్క, మాప్ బకెట్ తోసుకుంటూ. నన్ను చూసి ఆగింది. మాట వినపడదు కాబట్టి నేను కళ్ళతో తలుపు చూపించాను. ఆవిడ సిలిండర్ వంక చూసి రెండడుగులు వెనక్కేసింది. నేను నవ్వాను. ఇంకో అడుగు వెనక్కేసింది. లోపల మా పికార్డ్, 'ఇప్పుడు ఆవిడతో సంభాషణ మొదలుపెట్టాలి, ఎవరు లీడ్ తీసుకుంటారు?' అంటున్నాడు. ఎవరు తీసుకోవాలో తేలేలోపే ఆవిడ వంగి, బయటి బల్ల కింద ఏదో ప్లగ్గు పీకింది. తలుపు క్లిక్కుమని ఊడొచ్చింది.

'రోజూ గిట్లనే అయితది సార్, గీ ప్లగ్గు తీస్తే వస్తది. ఆ డబ్బా కింద పెట్టు, ఎవల మీదన్న పడ్తది' అంది.

అన్నట్టు ఆ ఎపిసోడ్‌లోనూ ఉగ్రవాదుల స్థావరం దొరికేది వాళ్ళ యంత్రాల కరెంటు జాడ పట్టుకునే. ఈ మాట బిర్యానీ దగ్గర అన్నాను. ఎవరూ వినలేదు, లెగ్ పీసుల పంపకంలో ఉన్నారు.

ట్రైనర్ రాత్రే లింక్డిన్‌లో ఫోటో పెట్టాడు, 'సంక్షోభంలో సంయమనం నేర్చుకుంటున్న నాయకుడు' అని. అదెలా చేరిందో గానీ పొద్దున్నే రాజమండ్రి నుంచి పిన్ని ఫోను: 'ఆఫీసులో గ్యాస్ బండలు కూడా మోయిస్తున్నారేంట్రా నాన్నా?'

హెల్ప్‌డెస్క్ మెయిల్ కూడా వచ్చింది, ఎవరు తెరిచారో తెలియని టికెట్ క్లోజ్ చేశాం, అయిదు నక్షత్రాలివ్వండి అని. దాని కిందే సేఫ్టీవాళ్ళది ఇంకోటి. నిప్పు లేనిచోట ఎక్స్‌టింగ్విషర్ ఎందుకు కదిలింది, సీలు ఎవరు తెంపారు, రేపు పదింటికల్లా వివరణ రాయాలట, మేనేజర్ గారి అప్రూవల్‌తో.